సుల్తానా గారి కోపం

మిరపకాయలు గుంటూరు మార్కెట్ యార్డుకు తరలే రోజుల్లో, చిలకలూరిపేటలో ఉన్న మా పళ్ళ ఆసుపత్రి కిటికీలు ఎంత బిగించినా ఘాటు లోపలికి వచ్చేస్తుంది. ఈ ఉదయం కూడా మిరప టిక్కీ బస్తాలతో నిండిన లారీ ఒకటి మా గుమ్మం ముందు ఆగింది. ముక్కు మండింది, గొంతులో గరగర మొదలైంది. కుర్చీలో కూర్చున్న పిల్లాడు ఆగకుండా దగ్గాడు. పుచ్చిన పళ్ళన్నీ మత్తిచ్చి ఒకేసారి బాగుచేయించాలని తీసుకొచ్చారు వాడిని. "ఏం లేదండీ, మిరప దగ్గు. రోగం కాదు" అన్నాడు వాళ్ళ నాన్న. ఆ మాట వినగానే నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ మంటను నాకు అంటించి వెళ్ళినావిడ పేరు డాక్టర్ సుల్తానా.

చదువు పూర్తయిన కొత్తలో నేను గుంటూరులో యార్డుకు వెళ్ళే రోడ్డు మీద ఒక పెద్ద పళ్ళ ఆసుపత్రిలో చేరాను. యజమానిని అందరం సార్ అనేవాళ్ళం. చిన్నపిల్లలకు మత్తివ్వాల్సి వచ్చినప్పుడల్లా సుల్తానా గారిని పిలిపించేవారు. ఊళ్ళో అందరూ ఆవిడను మత్తు డాక్టరు అనేవాళ్ళు. బొద్దుగా ఉండేది, దళసరి కళ్ళద్దాలు, స్కూటీ ముందు బరువైన సంచి. వస్తూనే ఎవరో ఒకరిని తిట్టేది. మొదటిరోజు నేను చూస్తుండగానే, గది మూల తళతళలాడుతున్న ఆక్సిజన్ సిలిండర్ దగ్గరికి వెళ్ళి మర తిప్పింది. బుస్సుమనలేదు, కిస్సుమనలేదు. ఖాళీ. "ఇది సిలిండరా, దిష్టిబొమ్మా?" అని అరిచింది. బయట హాల్లో కూర్చున్నవాళ్ళు కూడా లేచి నిలబడ్డారు. అంతలో నా వైపు తిరిగింది. "ఏమ్మా, కొత్తదానివా? రేపట్నుంచి పొద్దున్నే దీన్ని తిప్పి చూడటం నీ పని. టీ ఆ తర్వాతే." డాక్టరు చదువు చదివింది సిలిండర్లకు కాపలా కాయడానికా అని లోపల కుతకుతలాడాను. అయినా ఆవిడ నోటికి భయపడి రోజూ తిప్పి చూసేదాన్ని.

పిల్ల మత్తులోకి జారాక ఆవిడ లోకం వేరు. ఒక అరచెయ్యి పిల్ల గుండెల మీద, చూపు ముఖం మీద. పిల్ల వేలికి ఆక్సిజన్ కొలిచే క్లిప్పు పెట్టి ఉండేది, తెర మీద అంకెలు నడిచేవి. "అంకెల్ని నమ్ముకుని కూర్చోకు. ఊపిరి ముందు ఆగుద్ది, అంకె తర్వాత పడుద్ది" అనేది నాతో. ఒకసారి సార్ పని మధ్యలో, "మేడమ్, ఆ లైటు కాస్త ఇటు తిప్పండి" అన్నాడు. "తిప్పను. నేను ఊపిరి చూస్తున్నా. లైటు తిప్పడానికి ఇంకో మనిషిని పెట్టుకోండి" అంది తల ఎత్తకుండానే. సార్ ముఖం కందగడ్డయింది.

అంత కోపిష్ఠి మనిషి పిల్లల్ని మాత్రం నవ్వించేది. కళ్ళద్దాలు తలకిందులుగా పెట్టుకుని, బుగ్గలు పొంగించి, పిల్లి గొంతుతో పాట పాడేది. ఆవిడ ముఖంలో మాత్రం నవ్వు ఉండేది కాదు. పిల్లలంటే ముచ్చట కాబోలు అనుకున్నాను, మీనా అనే పిల్ల వచ్చేదాకా. మీనా వాళ్ళమ్మ యార్డు దగ్గర మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్ళేది. పిల్ల రోజంతా ఆ రాశుల పక్కనే ఆడుకునేది. జలుబు లేదు, జ్వరం లేదు, దగ్గు కూడా లేదంది తల్లి. ఆమె అబద్ధం చెప్పలేదు. మా వైపు ఆ నెలల్లో దగ్గును ఎవరూ జబ్బుల్లో లెక్కవేయరు. సుల్తానా గారు పిల్లి పాట పాడింది. మీనా కిలకిలా నవ్వింది. నవ్వు చివర దగ్గయింది, ఆ దగ్గు ఎంతకీ ఆగలేదు. ఆవిడ నవ్వించేది ఇందుకని అప్పుడు తెలిసింది. ఆవిడ చేతి తొడుగులు తీసేసింది. "ఇవాళ మత్తివ్వను."

సార్ విసురుగా వచ్చాడు. "ఈ నెలల్లో మా ఇంటిల్లిపాదీ దగ్గుతాం మేడమ్. చచ్చామా?" "మీరు మెలకువలో దగ్గుతారు. మత్తులో ఉన్న పిల్ల గొంతు అత్తిపత్తి ఆకండీ. ఘాటుకి ముందే రేగి ఉంది. ఓ నీటిబొట్టు తగిలితే ముడుచుకుపోద్ది. అప్పుడు ఊపిరి మీరు పోస్తారా?" అంది ఆవిడ. తల్లి ఏడుపు మొదలుపెట్టింది. నొప్పితో పిల్ల అన్నం తినడం లేదని, పనికి వెళ్ళకపోతే గడవదని చెప్పింది. సుల్తానా గారు ఆమెను ఒక్క మాట అనలేదు. ఎక్కువ బాధపెడుతున్న పన్ను ఒక్కటీ చిగురు మొద్దుబారే సూది వేయించి నా చేత శుభ్రం చేయించి, నొప్పి తగ్గే మందిచ్చింది. దగ్గు పూర్తిగా తగ్గాక రమ్మంది, అప్పటిదాకా పిల్లను రాశుల దగ్గరికి తీసుకెళ్ళొద్దంది. "ఎక్కడ వదలనమ్మా?" అని తల్లి అడిగితే, "మా ఇంట్లో వదులు" అంది. మీనా నిజంగానే వాళ్ళింట్లో ఉంది. దగ్గు తగ్గాక ఆవిడ ఒళ్ళోనే మత్తులోకి జారి, పళ్ళ పని అయ్యాక ఆవిడ ఒళ్ళోనే లేచింది.

ఆ తర్వాత సార్ ఆవిడను పిలవడం మానేశాడు. "ఆవిడకి కోపం ఎక్కువ, పేషెంట్లు జడుసుకుంటున్నారు" అన్నాడు. మత్తు మందు తనే తాగించి, పన్ను పని కూడా తనే చేయడం మొదలుపెట్టాడు. ఊపిరి చూసే మనిషి లేడు. ఒకరోజు ఒక పిల్లాడు దగ్గుతూనే వచ్చాడు. నేను వద్దన్నాను, సార్ వినలేదు. పని మధ్యలో వాడి గొంతులోకి నీళ్ళు జారాయి. ఛాతీ ఎగిరెగిరి పడుతోంది, గాలి మాత్రం లోపలికి పోవడం లేదు. పెదాలు నీలమయ్యాయి. సార్ అలాగే నిలబడిపోయాడు. నేను దవడ ముందుకు లాగి, మాస్కు బిగించి, మర తిప్పాను. బుస్సుమంది. ఆ పొద్దున తిప్పి చూసిన సిలిండరే. కాసేపటికి వాడు ఏడ్చాడు. ఏడుపు అంత తీయగా ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది.

సార్ బయటికి వెళ్ళి తల్లిదండ్రులతో, "బాబుకి కాస్త నిద్ర ఎక్కువ పట్టింది, అంతే" అన్నాడు. నేను వెనక గదిలోకి వెళ్ళి సుల్తానా గారికి ఫోన్ చేసి అంతా చెప్పాను. ఆవిడ మెచ్చుకుంటుందనుకున్నాను. "నాకెందుకు చెప్తున్నావే? వాళ్ళమ్మకి చెప్పు!" అని అరిచి ఫోన్ పెట్టేసింది. వెళ్ళి చెప్పాను. తల్లి పిల్లాడిని గట్టిగా పొదువుకుంది. తండ్రి మాత్రం, "బతికున్నాడుగా, ఇంకెందుకమ్మా గొడవ" అన్నాడు. ఉద్యోగం ఆ రోజే పోయింది. దానికి నేను బాధపడలేదు. ఆ తండ్రి మాట మాత్రం ఇప్పటికీ అరగలేదు. బిడ్డ ఊపిరి ఆగిన సంగతి ఎవరికీ గొడవ కాదు, చెప్పడమే గొడవ.

సుల్తానా గారు నిరుడు కన్నుమూశారు. ఈ ఉదయం నేను కళ్ళద్దాలు తలకిందులుగా పెట్టుకుని, ఆ పిల్లి పాటే పాడాను. కుర్చీలో పిల్లాడు నవ్వాడు. నవ్వు దగ్గయింది. ఇవాళ కాదన్నాను. "పక్క వీధి ఆసుపత్రిలో ఇవాళే చేస్తామన్నారు" అని తండ్రి పిల్లాడిని చంకనేసుకుని దిగిపోయాడు, వెనకే తల్లి. నేను ఏప్రన్‌తోనే మెట్లు దిగి, నడిరోడ్డు మీద అరిచాను. "ఆగండి! అక్కడికే పోండి, నేను ఆపను. పోయి ఒక్కటి అడగండి. పన్ను చూసే డాక్టరు పన్ను చూస్తుంటే, మీ వాడి ఊపిరి చూస్తూ కూర్చునేది ఎవరని అడగండి! ఆక్సిజన్ మర మీ కళ్ళ ముందే తిప్పమనండి!"

కిళ్ళీ కొట్టు ముందున్నవాళ్ళు తిరిగి చూశారు. తండ్రి ఆగలేదు. తల్లి ఆగింది. "మరి మీ దగ్గర ఎవరు కూర్చుంటారండీ?" అని అడిగింది.

"మా మత్తు డాక్టరు. ఆవిడకి అదొక్కటే పని. ముందు దగ్గు తగ్గనీ తల్లీ" అన్నాను.

ఆమె వెళ్ళి భర్త చంకలోంచి పిల్లాడిని తీసుకుని, మా మెట్ల వైపు నడిచింది. కొట్టు దగ్గర ఎవరో, "ఈ డాక్టరమ్మకి కోపం ఎక్కువ" అన్నారు. విన్నాను. కాదనలేదు.