మా మరిది పేరున వచ్చిన పంపు

మా మరిది మొన్న మంగళవారం పోయాడు. పొద్దున్నే పక్కింటి నుంచి అతని దగ్గు వినపడకపోయేసరికి దేవుడి ముందు కూర్చున్నాను. అతని పెద్ద కూతురు వచ్చి చెప్పేదాకా దణ్ణాలు పెట్టుకుంటూనే ఉన్నాను. "వదిన దిగుళ్ళలో నిజమైంది ఒక్కటే" అనేవాడు. ఇది రెండోది.

మీకెవరికీ అతను తెలియడు. నాకు పెద్ద చదువూ లేదు. అయినా చెప్పాలి.

నా పెనిమిటికి పినతండ్రి కొడుకు. ఊళ్ళో మోతుబరి దగ్గర పాలేరు. ఎక్కువ భూమి ఉంటే ప్రభుత్వం తీసుకుంటుందని ఆ మోతుబరి రెండెకరాలు ఇతని పేరున పెట్టాడు, కాగితం మీద మాత్రమే. అందుకని చిన్న రైతులకి సబ్సిడీ మీద మందు కొట్టే పంపులు వచ్చినప్పుడు మా మరిది చిన్న రైతయ్యాడు. ఒంగోలు నుంచి వచ్చిన ఆఫీసరు మెళ్ళో దండ వేసి మరీ ఇచ్చాడు. పంపు నేరుగా మోతుబరి సావిట్లోకి పోయింది. సబ్సిడీ పోగా కట్టాల్సింది మాత్రం ఇతని జీతంలో కోసుకున్నారు.

నాది కౌలు చేను. నా పేరున ఏదీ రాదు. ఆ ఏడు పూత మీదున్న నా మిరపకి ఆకుముడత తగిలింది. పంట పోతే కౌలు కట్టలేను, మళ్ళీ ఏటికి చేను ఇవ్వరు. పంపు అడిగితే మోతుబరి "ముందు మా చేలు కానీ అమ్మా" అన్నాడు. నాకు అన్నం సయించడం మానేసింది.

"నువ్వు దిగులుపడితే పురుగు చస్తుందా వదినా? చచ్చేట్టయితే నీ చేనుకి మందే అక్కర్లేదు" అని నవ్వేవాడు మా మరిది.

ఇంతలో పంపులు ఎవరు వాడుతున్నారో చూడ్డానికి ఆఫీసరు వస్తున్నాడన్నారు. మోతుబరి హడావిడిగా పంపులో మందు పోయించాడు. "ఒరేయ్, ఇది తగిలించుకుని చేలో కొడుతూ ఉండు. జీపు పోగానే తెచ్చెయ్" అన్నాడు. ఏ చేనో చెప్పలేదు.

ఇతను తిన్నగా నా చేలోకి వచ్చాడు. నేను అడ్డం వెళ్ళాను. "వద్దు నాయనా, నీ పని పోతుంది."

"పట్టీ సరిచెయ్యి వదినా, భుజం కోస్తోంది."

జీపు గట్టు దగ్గర ఆగింది. ఆఫీసరు వెనకే మోతుబరీ దిగాడు, చుట్టూ జనం చేరారు.

"ఎలా ఉందయ్యా పంపు?" అన్నాడు ఆఫీసరు.

"బాగుందండి. ఇవాళే తెలిసింది."

"నీదేగా, నీ ఇంట్లో పెట్టుకో. లేనివాళ్ళకీ ఇస్తుండు."

"నేనూ అదే చెబుతుంటానండి" అన్నాడు మోతుబరి.

జీపు వెళ్ళాక గట్టు మీంచి "ఇక తేరా" అని కేకేశాడు.

"కడిగి తెస్తానయ్యా" అన్నాడు మా మరిది, కొడుతూనే. సాళ్ళన్నీ అయ్యేదాకా అదే మాట. మర్నాడూ అదే మాట. ఆఫీసరు మాట ఊరంతా విన్నది కాబట్టి మోతుబరి గట్టిగా అడగలేకపోయాడు. పంపు ఇతని ఇంట్లోనే ఉండిపోయింది. ఏడాది తిరక్కుండా పాలేరుతనం పోయింది.

"నేను భయపడ్డట్టే అయింది" అని ఏడ్చాను.

"అయితే అయిందిలే. నీ మిరప బతికిందా లేదా?"

బతికింది.

ఆపైన కూలికి పోతూ, అడిగిన ప్రతి కౌలు రైతుకీ పంపు ఇచ్చాడు. కడిగి బోర్లించాలి, అంతే షరతు. ఎదురుగాలికి మందు కొట్టొద్దని, మూతికి తువ్వాలు కట్టుకోమని నేను మొత్తుకునేదాన్ని. కట్టుకునేవాడు, నేను కనిపించినంతసేపు.

మట్టి చేసిన రోజు కూడా ఎవరికో పంపు అవసరమైంది. తెగులు ఆగదు కదా. సాయంత్రం నేను వెళ్ళేసరికి అది అతని అరుగు మీద బోర్లించి ఉంది. శుభ్రంగా కడిగారు. మూతి నుంచి నీళ్ళు చుక్కచుక్కగా కారి, అతను కూర్చునే చోటు తడుస్తూ ఉంది.