ఎదురుకాళ్ళ వైద్యం

నా భార్య ఎదురుకాళ్ళతో పుట్టింది. అలా పాదాలు ముందు పెట్టి లోకంలోకి వచ్చినవాళ్ళు తొక్కితే నడుం పట్టు వదులుతుందని మా బెంగళూరు పాతపేటలో గట్టి నమ్మకం. పొద్దున్నే మా వసారాలో ఎవరో ఒకరు బోర్లా పడుకుని ఉండేవారు. నేను మాత్రం ఆ పాదానికి ఎన్నడూ లొంగలేదు. పట్టుచీరల కొట్టువాణ్ణి, నా పరువు నాది.

రెండువేల సంవత్సరం దాటాక నా మూత్రాశయంలో క్యాన్సర్ గడ్డ బయటపడింది. దాన్ని గీకేసి, మళ్ళీ రాకుండా లోపలికి మందు పోస్తామన్నాడు డాక్టరు. ఏం మందయ్యా అంటే, పసిబిడ్డల భుజానికి వేసే క్షయ టీకా! నీరసించిన క్షయ క్రిములను సన్నగొట్టంతో లోపలికి వదిలితే, ఒళ్ళు ఉలిక్కిపడి లేచి క్యాన్సర్‌ని కూడా తరుముతుందట. వారం వారం ఆ మందు బిగబట్టుకుని, అది లోపల అన్నివైపులా అంటాలని మంచం మీద ఇటూ అటూ దొర్లాను. క్యాన్సర్ పోయింది. వీధంతా స్వీట్లు పంచాం.

ఏడాది తిరిగేసరికి సాయంత్రాలు జ్వరం, నడుంనొప్పి. కొట్లో కూర్చుని కూర్చుని పట్టేసిందన్నారు అందరూ. చివరికి నేనూ బోర్లా పడుకున్నాను.

"ఇన్నేండ్లకు దొరికినారు, కదలద్దండి," అని నవ్వుతూ కాలు పెట్టింది నా భార్య. నిజం చెప్పొద్దూ, హాయిగానే ఉండింది. రోజూ తొక్కించుకున్నాను.

జ్వరం మాత్రం వదల్లేదు. స్కానింగ్ చూడగానే డాక్టరు మొహం మారిపోయింది. ఆ టీకా క్రిములే రక్తంలో పడి, వెన్నును ఆనుకుని పోయే పెద్ద రక్తనాళం గోడను తినేశాయట. చాలా అరుదట. ఆ అరుదైన అదృష్టం నాకే పట్టాలా! నాళం పాత సైకిలు ట్యూబులా ఒకచోట ఉబ్బింది, ఎప్పుడైనా పగలొచ్చు.

"నడుం మీద బరువేమీ పడలేదు కదా?" అన్నాడు.

లేదని నేను బొంకేలోపే నా భార్య, "నేనే తొక్కినా సార్, దినామూ," అంది. ఆమె మొహాన కత్తివాటుకు నెత్తురుచుక్క లేదు.

ఆపరేషన్ చేసి, చెడిన ముక్క తీసేసి, నేసిన గొట్టం ఒకటి కుట్టారు. ఏ దారంతో నేశారని అడిగితే పాలిస్టరట! ఆనేకల్ మగ్గాల పట్టు తప్ప మరొకటి కొట్లోకి రానివ్వని నేను, దాన్ని కడుపులో పెట్టుకుని ఇంటికొచ్చాను. పైగా నెలల తరబడి క్షయ మాత్రలు.

కొన్నాళ్ళకు పక్కింటాయన వచ్చి, "అక్కా, నడుము పట్టేసుండాది, రవ్వంత తొక్కక్కా," అన్నాడు.

"ముందు పోయి స్కానింగు తీపిచ్చుకోప్పా," అని తలుపు వేసేసింది నా భార్య.

నాకు నవ్వాగలేదు. "నాకూ పట్టేసిందే, వచ్చి తొక్కు," అన్నాను.

ఆమె నవ్వలేదు. పక్కన కూర్చుని, నా పొట్ట మీద అరచెయ్యి ఆనించి, లోపల ఆ నాళం సరిగ్గా కొట్టుకుంటోందో లేదో చాలాసేపు చూసింది.