గరిటె లేని గుంత

పోయిన ఆదివారం నా తమ్ముడి భార్య గుండె ఆగి చనిపోయింది. పంజాగుట్టలో ఒక షోరూంలో ఏళ్ల తరబడి మిక్సీలు తిప్పి చూపించిన మనిషి. ఆమె రుబ్బిన పచ్చడి రుచి చూసి మిక్సీ కొన్నవాళ్లు అమీర్‌పేట నిండా ఉన్నారు. చర్చిలో మాట్లాడినవాళ్లు ఆమెను శాంతమూర్తి అన్నారు. అబద్ధం. మా మరదలికి నోరుండేది. నాకు గర్వం ఆ నోటిని చూసే.

మిక్సీ పెట్టె విప్పడం ఆమెకొక తంతు. పాత చీరముక్క పరిచి జార్లు, మూతలు పేర్చి, చివర్లో గరిటె, విడి వాషరు పెట్టి, "ఇవి కొసరు" అనేది. యాక్సెసరీస్ అనమని మేనేజరు పోరు.

"కొసరంటే అడిగి తీసుకుంటరు సార్. మీ మాట అడుగుదామంటే నోరు తిరగదు."

కొన్నాళ్లకు ఆ గరిటె, వాషరు రావడం మానేశాయి. ధర తగ్గలేదు. పెట్టె మీద మాత్రం 'కొత్త ప్యాకింగ్' అని మెరుపు అక్షరాలు. కంపెనీలు చేసే ఈ పనికి పుస్తకాల్లో గంభీరమైన పేర్లు చాలా చదివాను. చేతివాటం అన్న మన మాట చాలు. కాకపోతే వాళ్లు థర్మకోల్ అచ్చు మార్చడం మరిచారు. గరిటె ఆకారంలో గుంత అలాగే మిగిలింది. దాని మీద కరపత్రం కప్పి చూపించమని మేనేజరు హుకుం.

సనత్‌నగర్‌లో తమ్ముడి వర్క్‌షాపు మూతపడిన రోజులవి. ఇల్లు ఆమె జీతం మీదే నడుస్తోంది. ఒక సాయంత్రం మిక్సీ కొందామని నేనూ ఆ షోరూంకు వెళ్లాను. నా ముందున్న ఆవిడ కరపత్రం ఎత్తి చూసింది.

"గీ గుంతేందక్కా?"

"గరిటెదమ్మా. మొన్నటిదాక ఇస్తుండె. ఇప్పుడిస్తలేరు. ధర మాత్రం గదే."

మేనేజరు ఊగిపోయాడు. "జీతం ఎవరిస్తున్నరక్కా నీకు? ఇంకోసారి గా మాటంటే రేపటి నుంచి రాకు."

"మిక్సీ తిప్పనీకి ఇస్తున్నరు సార్, మాట తిప్పనీకి కాదు."

ఏప్రాన్ విప్పి, మడతపెట్టి, కౌంటరు మీద ఉంచింది.

బంధువులు ఆమెను తిక్కది అన్నారు. వాళ్లే మొన్న పూలదండలతో వచ్చి కళ్లు ఒత్తుకున్నారు. ఆ మేనేజరూ వచ్చాడు. అతని నమస్కారానికి నేను చేతులెత్తలేదు. ఎందుకో ఇది చదివితే అతనికి తెలుస్తుంది.

ఆమె ఏప్రాన్ విప్పిన ఆ సాయంత్రం నేనూ మరదలూ షేర్ ఆటో ఎక్కాం. ఉద్యోగం పోయిన మనిషికి చెప్పాల్సిన ఓదార్పు మాటేదో పుస్తకాల్లోంచి మొదలుపెట్టాను. ఆటో కదలబోతుంటే గుంత గురించి అడిగిన ఆవిడ పరుగున వచ్చింది.

"అక్కా, మరి ఏది కొనాలె?"

"బావా, మీరు జర జరగండి" అని ఆవిడను పక్కన కూర్చోబెట్టుకుంది. మోటారు ఎలా వినాలి, మూత బిగుతు ఎలా చూడాలి, అన్నీ చెప్పడం మొదలుపెట్టింది. మేం దిగాల్సిన అమీర్‌పేట వచ్చింది. నేను పిలవలేదు. మైత్రీవనం కూడా దాటిపోయింది. హారన్ల మోతలో ఆమె గొంతు నాకు వినబడటం లేదు. ఎదుటి లైట్ల వెలుగులో ఆమె చెయ్యి, లేని జారుకు మూత బిగిస్తూ.