గడ్డి లారీలో ఎండు సొర

ఒక లారీని, దాని నిండా ఉన్న వరిగడ్డిని, ముందు సీట్లో కూర్చున్న నన్నూ నా తెలివితేటలతో నేనే తగలబెట్టుకోబోయిన వైనం ఇది. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. కానీ ఇన్నేళ్ళయ్యాక సిగ్గు కూడా ఎండి ఉప్పుచేపలాగా గట్టిపడిపోయింది కాబట్టి చెప్పేస్తాను. మీరు నవ్వండి, నేనేమీ అనుకోను.

తొంభైల నాటి మాట. నాకప్పుడు ఇరవై మూడేళ్ళు. గుడివాడలో ఒక ఓనరు గారి లారీకి క్లీనరుగా ఉండేవాణ్ణి. మా డ్రైవరు కంటి ఆపరేషను చేయించుకుని ఇంట్లో పడుకునేసరికి ఓనరు గారు నన్ను పిలిచారు.

"ఒరే ప్రభుదాసూ, నీకు లారీ తోలడం వచ్చు కదా?"

"వచ్చండి."

"లైసెన్సుందా?"

"ఉందండి. జీపుదండి."

"హెవీ లేదా?"

"ఇంకా తీసుకోలేదండి."

ఓనరు గారు కాసేపు ఫ్యాను వంక చూశారు. "వచ్చే నెల ఇప్పిద్దాంలే. అందాకా పోలీసుల కంట పడకుండా తోలు. దొరికావనుకో, లారీ స్టేషనుకి పోద్ది, నువ్వు ఇంటికి పోతావ్."

పోలీసుల కంట పడకుండానట! గడ్డి లారీని మీరు చూసే ఉంటారు. రోడ్డుకి ఈ పక్కన ఒక బారు, ఆ పక్కన ఒక బారు గడ్డి వేలాడుతూ, ఎదురొచ్చే బస్సు మొహం తుడుస్తూ వెళ్తుంది. దాన్ని దాచుకుంటూ తోలమనడం ఏనుగు మీద దుప్పటి కప్పి ఊళ్ళోంచి తీసుకురమ్మనడమే. అయినా సరేనన్నాను. ఆ వచ్చిన ఆదివారమే మా అమ్మ గుడిలో, అంటే మా చర్చిలో, అందరి ముందూ లేచి నిలబడి "మా అబ్బాయి డ్రైవరయ్యాడు, దేవుడికి స్తోత్రం" అని కన్నీళ్ళతో సాక్ష్యం చెప్పేసింది. మా నాన్న పోయాక ఆవిడ సంతోషంగా చెప్పిన మొదటి సాక్ష్యం అది. ఇప్పుడు నా ఉద్యోగం ఊడితే ఉద్యోగంతో పోదు, అమ్మ సాక్ష్యం అబద్ధమైపోతుంది. నా భయమంతా అదే.

ఆ భయంతోనే బందరులో ఒక టీ కొట్టు దగ్గర చేపల లారీ డ్రైవరు ఒకాయన్ని అడిగాను. వయసులో పెద్దవాడు, నాకేమీ కాడు గానీ బావా అని పిలిచేవాణ్ణి.

"బావా, నిన్ను పోలీసులు ఆపరా?"

"ఆపుతారు. డోరు తియ్యగానే ముక్కు మూసుకుని పోపోమంటారు. నా కాగితాలు చూసిన పోలీసు ఇంకా పుట్టలేదురా."

నా బుర్రలో దీపం వెలిగింది. ఆ దీపమే తర్వాత నన్ను కాల్చబోతుందని అప్పుడు తెలియదు. మర్నాడు గడ్డి ఎత్తుకోవడానికి అవనిగడ్డ వెళ్ళినప్పుడు సంతలో ఒక బుట్టెడు ఎండు సొర ముక్కలు కొన్నాను. ఎండు చేపల్లో వాసనకి సొరని మించింది లేదు. అమ్మినావిడే "ఇంత సొర ఏం చేసుకుంటావు నాయనా?" అని జాలిగా అడిగింది. బుట్టని నా పక్క సీట్లో పెట్టుకుని, ఎండ తగిలేలా జరిపి, బయల్దేరాను.

చల్లపల్లి దగ్గర ఒక కానిస్టేబుల్ చెయ్యి ఎత్తాడు. ఆపాను. డోరు తీశాడు. ఒక్క అడుగు వెనక్కి వేశాడు.

"ఏంట్రా ఈ కంపు? గడ్డి లారీలో చేపలేంటి?"

"నిన్న చేపల లోడండి. కడగలేదండి. లైసెన్సు చూపించమంటారా?"

"ఒద్దు బాబూ! ముందు పోనీ!"

పామర్రులోనూ అంతే. ఆయనైతే మాట్లాడను కూడా లేదు, రుమాలు అడ్డం పెట్టుకుని చేత్తోనే తోసేశాడు. రెండు వారాలు ఇలా రాజ్యమేలాను. ఊళ్ళో పోలీసులందరి ముక్కులూ నా జేబులో ఉన్నట్టే ఉండేది. అడుసు తొక్కనేల కాలు కడగనేల అంటారు గానీ, అడుసుని కాలికి పూసుకుని తిరిగితే ఎవడూ దగ్గరికి రాడని కొత్త సామెత కూడా కనిపెట్టాను. నాకూ ఆ వాసన అలవాటైపోయింది. అన్నంలో కూడా సొరే తగిలేది. అమ్మ మాత్రం నన్ను ఇంట్లోకి రానీకుండా పెరట్లోనే నీళ్ళు పోసేది.

ఆ గర్వం మీద ఒక టేపురికార్డరు కూడా పెట్టించుకున్నాను. పెట్టించుకోవడం ఏముంది, నేనే పెట్టాను. బ్యాటరీ నుంచి తిన్నగా ఒక తీగ లాగి, సీటు కింద నుంచి తెచ్చి, అతుకులకి టేపు లేకపోతే గుడ్డపేలిక చుట్టాను. పాట మోగింది. ఇంకేం కావాలి?

ఆ రోజు పొద్దున్న పదకొండు గంటలకి గుడివాడ పొలిమేరల్లో, కాలవ గట్టు పక్కన, ఒక హెడ్ కానిస్టేబుల్ గారు చెయ్యి ఎత్తారు. ఎప్పుడూ చూడని మనిషి. మీసాలు నెరిశాయి. చేతిలో లాఠీ. తర్వాత తెలిసింది ఆయన పేరు నాంచారయ్య గారని. నేను ధీమాగా ఆపాను. ఆయన డోరు తీశారు. నేను ఎదురు చూశాను, వెనక్కి అడుగు వేస్తారని.

ఆయన లోపలికి ఎక్కేశారు.

ఎక్కి, బుట్ట తీసి ఒళ్ళో పెట్టుకుని, పక్కన కూర్చుని, ఒక సొర ముక్క ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకున్నారు. ఏ పుట్టలో ఏ పాముందో అంటారే, ఏ ఖాకీ చొక్కాలో ఏ ఊరి ముక్కుందో ఎవరికి తెలుసు!

"ఎక్కడిదిరా ఈ సొర?"

"అవనిగడ్డ సంతలోదండి."

"అదీ! మా దివిసీమ సరుకు. మాది నాగాయలంక అవతల, సముద్రం ఒడ్డున పల్లె. మా నాన్న పడవ మీదే పోయాడు. నేను ఖాకీ వేసుకుని ఈ పొలాల మధ్యకొచ్చి ఇరవయ్యేళ్ళు దాటిందిరా. ఈ వాసన తగిలి ఎన్నాళ్ళయిందో!"

ఆయన కళ్ళు నిజంగానే చెమర్చాయి. హమ్మయ్య, గట్టెక్కాననుకున్నాను.

"బుట్టంతా తీసుకోండి సార్!"

"తీసుకుంటాలే. లైసెన్సు తియ్యి."

తీశాను. ఆయన చూశారు, తిప్పి చూశారు.

"ఇది జీపుది కదరా."

"లారీ కూడా జీపులాంటిదేనండి. కాస్త పెద్దదండి."

"ఓహో! మరి పడవ తెడ్డేసేవాడు ఓడ కూడా నడపొచ్చన్నమాట."

"తప్పయిపోయింది సార్. మా అమ్మ సాక్ష్యం..."

"సాక్ష్యం ఏంట్రా? ఇంకా కేసే రాయలేదు!"

నేను చర్చి సంగతి చెప్పబోతున్నాను. ఆయన చెయ్యెత్తి ఆపారు. ముక్కు ఎగరేశారు. ఈ పక్కకి ఒకసారి, ఆ పక్కకి ఒకసారి.

"ఆగు. ఈ వాసనేంటి?"

"సొరండి."

"సొర కాదు."

"ఒట్టు, సొరేనండి!"

"ఒరేయ్, నేను సొరల మధ్య పుట్టాను. నాకు చెప్తావా? సొర వాసన కింద ఇంకో వాసనుంది. దిగు."

నన్ను దింపి స్టేషనుకి తీసుకెళ్తారని నాకు అర్థమైపోయింది. అంటే, నేను అలా అర్థం చేసుకున్నాను. స్టీరింగుని రెండు చేతులా కౌగిలించుకున్నాను.

"దిగనండి! నన్ను వదిలేస్తానంటేనే దిగుతానండి!"

"దిగరా ముందు!"

"మా అమ్మ ఏడుస్తుందండి!"

ఇక్కడ మీకొక్క మాట చెప్పాలి. ఆ సమయానికి నా సీటు వెచ్చగా ఉంది. వెచ్చగా అంటే, బాగానే వెచ్చగా. పోలీసు భయానికి అలాగే ఉంటుంది కాబోలు అనుకున్నాను. ఇంతకుముందు ఎప్పుడూ పోలీసుకి దొరకలేదు కదా, అనుభవం లేదు.

నాంచారయ్య గారు ముందు సొర బుట్టని జాగ్రత్తగా రోడ్డు మీద దించారు. ఆ తర్వాత చుట్టూ తిరిగొచ్చి నా చొక్కా పట్టుకుని కిందకి లాగారు. బుట్టకి జరిగిన మర్యాద నాకు జరగలేదు. నేను గట్టు మీద పడ్డాను. ఆయన సీటు ఎత్తేసరికి బుస్సున పొగ! సీటులో కూరిన కొబ్బరి పీచు ఎర్రగా రాజుకుని ఉంది. నా గుడ్డపేలిక మాడిపోయింది, తీగ సీటు ఇనుముకి అంటుకుని మసైపోయింది. లాఠీ నా వీపు కోసమనుకున్నాను, ఆయన దాంతోనే ఆ తీగని బ్యాటరీ వైపు నుంచి లాగి తెంపారు. సీటుని కాలవలోకి గిరాటేశారు. అది నీళ్ళలో పడి 'సుయ్' మంటూ మునిగింది.

నేను తలెత్తి పైకి చూశాను. కేబిన్ నెత్తిమీద దాకా వాలి ఉంది గడ్డి, చిటపటలాడే ఎండు గడ్డి. ఇంకో పావుగంట అలాగే వెళ్ళుంటే బజారు మధ్యలో ఉండేవాణ్ణి. అక్కడే కూర్చుని, పాతికేళ్ళకి దగ్గరపడ్డవాణ్ణి, వెక్కి వెక్కి ఏడ్చాను.

ఆయన పక్కన కూర్చుని టీ తెప్పించారు. "ఏరా, కాలుతుంటే నీకు వాసన తెలియలేదా?"

అప్పుడు మొత్తం కక్కేశాను. బందరు బావ, సొర, పోలీసుల ముక్కులు, అన్నీ. ఆయన విని విని, గడ్డి మీద పడి దొర్లుతూ నవ్వారు. ఆ తర్వాత కళ్ళు తుడుచుకుని అన్నారు.

"పోలీసు ముక్కు మూయిద్దామని నీ ముక్కు నువ్వే మూసుకున్నావు కదరా అబ్బాయ్."

ఇంతకన్నా పెద్ద చీవాట్లు నాకు ఎవరూ పెట్టలేదు. ఆ రోజు ఆయన లారీని వదల్లేదు. కేసు రాశారు, అదీ ఓనరు గారి మీద. ఫోను చేయించి ఆయన్ని పిలిపించారు. నా ముందే అన్నారు.

"హెవీ లైసెన్సు లేకుండా ఈ అబ్బాయి చేత మళ్ళీ తోలించారో, నేనూరుకోను. లైసెన్సు లేదని పనిలోంచి తీసేశారో, అసలే ఊరుకోను. ఇప్పించండి."

ఓనరు గారు తల ఊపారు. మర్నాడు వేరే డ్రైవరు వచ్చి లారీ విడిపించుకుని తీసుకెళ్ళాడు. నేను మళ్ళీ క్లీనరునై నెలన్నర తిరిగి, పరీక్షకి వెళ్ళి, హెవీ లైసెన్సు తెచ్చుకున్నాను. దాన్ని ముందు అమ్మకి చూపించాను, తర్వాత నేరుగా వెళ్ళి నాంచారయ్య గారికి చూపించాను. ఆయన సొర ముక్కని చూసినంత ప్రేమగా చూశారు దాన్ని.

అమ్మ ప్రార్థన కూడా మారిపోయింది. అంతకుముందు "నా బిడ్డ బండికి ఎవరూ అడ్డం రాకుండా చూడు తండ్రీ" అనేది. ఆ రోజు నుంచి "అడ్డం వచ్చినవాళ్ళని దీవించు తండ్రీ" అంటోంది. ఆ ప్రార్థనలో నాంచారయ్య గారి పేరు లేని రోజు లేదు. ఆయన ఆపకపోతే ఈ కథ చెప్పడానికి నేను ఉండేవాణ్ణి కాను, వినడానికి మా ఆవిడా పిల్లలూ ఉండేవారు కాదు. చెయ్యెత్తి మొక్కుతున్నాను ఆయనకి.

ఆ తర్వాత అవనిగడ్డ వెళ్ళినప్పుడల్లా ఆయనకి ఒక పొట్లం సొర తెచ్చేవాణ్ణి, కేబిన్లో కాదు, వెనకాల గడ్డిలో దోపి. ఆయన చెయ్యి ఎత్తక్కర్లేదు, నేనే హారన్ కొట్టి ఆపేవాణ్ణి. మొదటిసారే ఆయన పట్టుబట్టారు.

"ఊరికే తీసుకుంటే మామూలంటారురా. ఆ మాటొద్దు నాకు." అని ఇంట్లోంచి వాళ్ళావిడ పెట్టిన గోంగూర పచ్చడి జాడీ తెచ్చి నా చేతిలో పెట్టారు. అలా ఆయన రిటైరయ్యేదాకా నెలనెలా సాగింది. ఆ రోడ్డు మీద పోలీసుల దగ్గర మామూలు పుచ్చుకున్న లారీ డ్రైవర్ని బహుశా నేనొక్కణ్ణే.

కాబట్టి ఇదిగో, కుడిచెయ్యి స్టీరింగు మీద, ఎడమచెయ్యి పచ్చడి జాడీ మీద పెట్టి ప్రమాణం చేస్తున్నాను. పోలీసు ఆపితే ఆగుతాను, అడిగితే చూపిస్తాను, సొర వాసన మాత్రం ఈ జన్మలో మళ్ళీ అడ్డం పెట్టుకోను. కూరలో అయితే వేరే సంగతి.