కుచ్చిళ్ల వైపు పన్నా

మా మేనత్త కట్టిన కొత్త చీర ముందువైపు నేలను ఊడుస్తోందంటే నేను మొదట అనుమానించింది నేతను. చీరల దుకాణంలో పెరిగిన బుర్ర నాది. పన్నా, అంటే గుడ్డ వెడల్పు, తక్కువ నేసేవాళ్లను పట్టుకోవడం తెలుసు, ఎక్కువ ఇచ్చేవాళ్లను చూస్తే ఇంకా భయం. తొంభైల మొదట్లో సంగతి. అత్త బీడీ కార్మికుల కాలనీ విడీ ఘర్కుల్‌లో చేట ఒళ్లో పెట్టుకుని పొద్దంతా వంగి బీడీలు చుట్టేది. ఆ వారం కుచ్చిళ్లు కాలికి తట్టి గడప మీద తూలింది. తలుపు చేతికి అందింది కాబట్టి సరిపోయింది.

ఆమెను వెంటబెట్టుకుని కుంఠా నాకా దగ్గర మాకు చీరలు నేసిచ్చే మగ్గాల సేటు మీదికి గొడవకు వెళ్లాను.

"కుచ్చిళ్ల దిక్కు పన్నా ఎక్కువొచ్చింది. ఎవరో వద్దన్న మాల్ నాకు అంటగట్టినవ్ గదా?"

"అరే బాప్ రే! ఫుకట్ల గుడ్డ ఇచ్చేటోని లెక్క కనిపిస్తున్ననా అక్కా?" అంటూ అతను అదే వరసలో నేసిన ఇంకో చీర పరిచి, కొంగు వైపూ కుచ్చిళ్ల వైపూ టేపు పెట్టాడు. పన్నా ఒకటే. "చీర సీదానే ఉన్నది. కట్టిన మనిషిని కొలువు."

"నన్నెందుకు కొలుస్తరురా? నేనేమన్న థానునా?" అని అత్త కసిరింది. కోపంతో నిటారుగా నిలబడబోయి, నిలబడలేకపోయింది.

డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే, ఎక్స్‌రే లైటుకు పెట్టి చూపించాడు. వెన్నుపూసలు గుల్లబారి నొక్కుకుపోయాయట. నడుం వంగి పక్కటెముకలు కిందికి దిగాయి, చీర కట్టుకునే చోటే జారింది. ఇంకోసారి తూలి పడితే తుంటి విరుగుతుందన్నాడు. ఆ ఫోటో వేరేవాళ్లదేమోనని దాని మీద పేరు చూశాను. మాత్రలు సగం రాస్తే చాలదా అని బేరం కూడా పెట్టాను.

"ఊకోవే, ఆయనేమన్న సంతల కూసున్నడా?" అంది అత్త.

ఎముక మూలుగలోని మూలకణాల గురించి చాలా ఏళ్లకు చదివాను. అవి ఎముకను కట్టే కణాలుగా ఎదగాలి. వయసు వల్లో, పొగాకులాంటి వాటి వల్లో ఒంట్లో ఆక్సిజన్ చేసే చెరుపు పెరిగితే, ఆ పని మానేసి కొవ్వు కణాలైపోతాయట. మగ్గం ఎక్కాల్సిన మనిషి చాయ్ బండి పెట్టుకున్నట్టు. ఆ చేటలోని పొగాకు దుమ్ము మీద నాకు ఇప్పటికీ అనుమానమే. అత్త విషయంలో రుజువు మాత్రం లేదు.

ఆ ఎక్స్‌రే తీయించాక మళ్లీ సరుకు కోసం వెళితే సేటు నవ్వుతూ అడిగాడు. "పన్నా పంచాయతీ ఏమైందక్కా?"

చెప్పాను. అత్త చీర చీలమండ పైకి కట్టి, గోడ పట్టుకుని నడుస్తోందని కూడా చెప్పాను. అతని నవ్వు ఆగింది. మూలన కూర్చుని కండెలు చుట్టుకుంటున్న వాళ్లమ్మ వైపు తిరిగాడు.

"అమ్మా, జర లేచి నిలబడు."

"ఎందుకురా? పని నడుస్తుంటే!"

"ఒక్కసారి నిలబడే."

గొణుక్కుంటూ ఆమె లేచింది. మేమిద్దరం ఆమె కుచ్చిళ్ల వైపు చూశాం.