ఎడమచేతికి మామ చెక్కిన పిడి

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. పోలీసు ఉద్యోగం వల్ల వచ్చిందని అందరూ అనుకుంటారు కానీ, అది బడిలోనే వచ్చింది. నేను ఎడమచేతివాటం మనిషిని. పలక మీద ఆ చేత్తో రాస్తే మా కన్నడ మేష్టరు సరిగ్గా ఆ చేతి మీదే బెత్తం ఆడించేవాడు. పెళ్లి పంక్తిలో ఎడమచెయ్యి విస్తరి వైపు పోతే ముసలమ్మలు చెంపలు వేసుకునేవాళ్లు. చివరికి రాయడం, తినడం కుడిచేతికి మార్చుకున్నాను. ఎడమచేతికి మిగిలిన పని రాళ్లు విసరడం ఒక్కటే. చింతచెట్టు కింద నిలబడి ఏ కాయ కావాలో చెబితే ఆ కాయే రాలేది.

రిజర్వు పోలీసులో చేరాక ఆ గురే నన్ను పిస్తోలు జట్టు దాకా తీసుకుపోయింది. ఎనభైల చివరి సంగతి. జట్టులో ఉంటే పొద్దునపూట సాధన, పోటీలకు ఊళ్లు తిరగడం, పై అధికారి కూడా పేరు పెట్టి పిలవడం. జట్టులో లేకపోతే బ్యాంకు ముందు, డ్యాము మీద, మంత్రిగారి సభ వెనక రైఫిలు పట్టుకుని నిలబడడం. నాకు జట్టు కావాలి. పుట్టి బుద్ధెరిగాక ఎడమచెయ్యి చేసిన పనికి ఒకరు శభాష్ అన్నది అక్కడే మరి.

చిక్కల్లా పిడితో వచ్చింది. పోటీ పిస్తోలుకు ఉండే కొయ్య పిడి మామూలు పిడిలా ఉండదు. అరచేతి గుంతలు, వేళ్ల పల్లాలు, చెయ్యి కిందికి జారకుండా అడుగున ఒక అరుగు, అన్నీ చెక్కి ఉంటాయి. అదంతా కుడిచేతికే. ఎడమచేత్తో పట్టుకుంటే పరాయివాళ్ల చెప్పుల్లో కాళ్లు పెట్టినట్టు ఉండేది. మా జట్టు పెద్దకు చెప్పుకున్నాను. ఆయన కన్నడంలో, నవ్వకుండానే, "ఎడమచెయ్యి నీ సొంతం. పిడి కూడా నీ సొంతంగానే చూసుకో" అన్నాడు. వానాకాలంలో తుమకూరులో ఎంపిక ఉంది. అప్పటికి కుదిరితే జట్టు, లేకపోతే బ్యాంకు గుమ్మం.

పావగడ తాలూకా నిడుగల్లు హోబళిలో మా ఊరు. అక్కడ మా అమ్మ తమ్ముడు, నాకు మామ, వడ్రంగం చేసేవాడు. శెనక్కాయ విత్తే గొర్రులు, నాగళ్లు, బండి చక్రాలు ఆయన పని. బాడిస ఎడమచేత్తో పట్టేవాడు. మా వంశంలో ఎడమచేతివాళ్లం మేమిద్దరమే. అందుకని ఉగాదికి సెలవు మీద పోయినప్పుడు రెండు వస్తువులు మోసుకుపోయాను. ఒకటి, ఆయుధాగారంలో పారేయబోతుంటే అడిగి తెచ్చుకున్న పగిలిన కుడిచేతి పిడి. రెండోది కొయ్య మ్యాగజైన్. పిస్తోలు గాని, దాని అడుగు నుంచి దూర్చే తూటాల మ్యాగజైన్ గాని గేటు దాటనివ్వరు. అందుకే మా పోలీసు లైన్స్‌లోని వడ్రంగి చేత అసలు మ్యాగజైన్‌కు సరిజోడుగా వేపకొయ్యతో ఒకటి చేయించాను.

మామ పగిలిన పిడిని తిప్పి తిప్పి చూశాడు.

"తుపాకి యాడప్పా?"

"అది బయటికి ఇయ్యరు మామా."

"కాలు చూపీకుండా చెప్పులు కుట్టమంటాండావు గద అల్లుడా!"

అన్నాడే కానీ కళ్లు మెరిశాయి. పని లేక అప్పటికే చాలా రోజులైంది. అంతకుముందు ఏడు వాన లేదు, పెట్టిన విత్తనం మట్టిపాలైంది. గొర్రు చేయించుకునేవాడే లేడు. మామ తొక్కిన మట్టి ముద్ద తెచ్చి నా ఎడమచేతిలో పెట్టి, గట్టిగా పిసకమన్నాడు. నా వేళ్ల అచ్చు పడిన ఆ ముద్దను నీడలో ఆరబెట్టాడు. అటక మీద ఏళ్ల తరబడి ఎండిన నల్లతుమ్మ మొద్దు ఒకటి దించాడు. సెలవు అయిపోయి, తెచ్చిన రెండు వస్తువులూ మామ దగ్గరే వదిలి నేను వెళ్లిపోయాను.

ఎండాకాలం చివర్లో పోయి పిడి తెచ్చుకున్నాను. అలాంటి వస్తువును నేను చూడలేదు. చెయ్యి దానంతట అదే పోయి కూర్చుంది. కొయ్య మ్యాగజైన్ అడుగున సర్రున దూరింది, వదిలితే జారి అరచేతిలో పడింది. బస్సులో పావగడ నుంచి మధుగిరి దాకా సంచి ఒడిలోనే పెట్టుకున్నాను, కిటికీ పక్కాయన అందులో ఏముందో కనుక్కోవాలని తెగ ఆరాటపడ్డాడు.

రేంజిలో పిస్తోలుకు బిగించి అసలు మ్యాగజైన్ దూర్చాను. సగంలో పట్టేసింది. అరచేత్తో గుద్దితే లోపలికి పోయింది, కానీ పూర్తిగా కూర్చోలేదు, మొదటి తూటా పైకి రాలేదు. బయటికి తీయబోతే రాదు. పట్టి లాగుదామంటే పిడి అడుగున ఉన్న అరుగు వేలికి అడ్డం. మా పోటీలో ఒక అంశం ఉంది. అయిదు తూటాలు కాల్చి, ఖాళీ మ్యాగజైన్ పడేసి, ఇంకోటి దూర్చి, మళ్లీ అయిదు కాల్చాలి. గడియారం ఆగదు. నేను పళ్లు బిగించి మ్యాగజైన్ లాగుతుంటే పక్కవాళ్లు కాల్చడం ముగించి నా వైపు తిరిగారు. "పన్ను పీకుతున్నావా?" అన్నాడొకడు. వాడి మీదికి పోయేవాణ్ణే, జట్టు పెద్ద ఉన్నాడు కాబట్టి ఆగాను.

మామ మీద కూడా కోపం వచ్చింది. ఆ కోపంతోనే ఆయుధాగారంలో కొయ్య మ్యాగజైన్ని అసలుదాని పక్కన పెట్టి చూశాను. ఉగాది ముందు అచ్చుగుద్దినట్టు ఉన్నవి, ఇప్పుడు కొయ్యది చిక్కిపోయి ఉంది. లైన్స్ వడ్రంగి దాన్ని పచ్చి వేపకొమ్మతో చేశాడు. మా ఊరి ఎండలో, మామ ఇంటి వసారాలో, అది నెలల తరబడి ఎండి సన్నబడింది. మామ ఆ సన్నబడినదానికి సరిపడేలాగే పిడిలో తూము చెక్కాడు. ఆయుధాగారం చూసే హవల్దారు మంచివాడు. ఇద్దరం కూర్చుని మైదా జిగురుతో కొయ్యకు కాగితం పొరలు అంటించి, కొలిచి, మళ్లీ అంటించి, దాన్ని అసలుదానంత లావు చేశాం.

రెండు రోజుల సెలవు మీద ఊరికి పోయాను. సంగతి వినగానే మామ తల పట్టుకున్నాడు.

"పచ్చి కట్టెనా? నా చేతిలో ఇన్నాళ్లు ఉండి నేను కనుక్కోలేకపోతినే! సర్కారోళ్లు ఇచ్చింది గదా, ఎండిన కట్టే ఇచ్చింటారులే అనుకుంటిని."

"సర్కారుకు ఎండింది, పచ్చిది యాడ తెలుస్తాది మామా" అన్నాను. నా కోపం బస్సులోనే దిగిపోయింది.

కాగితం చుట్టిన మ్యాగజైన్‌కు ఆయన జాజు పూశాడు, గడపలకు పూసే ఎర్రమన్నే. పిడిలోకి దూర్చి తీశాడు. ఎక్కడ ఒరుసుకుందో అక్కడ నల్లతుమ్మ మీద ఎర్రగా అంటింది. అంటిన చోటల్లా ఉలితో పొట్టుపొట్టుగా చెక్కేశాడు. మళ్లీ జాజు, మళ్లీ ఉలి. బండి చక్రంలో ఆకు కర్రలు కూర్చేటప్పుడు చేసేదీ ఇదేనట. మధ్యాహ్నానికి ఎక్కడా ఎరుపు అంటకుండా జారింది. అరుగు కింద వేలు పట్టేంత గుంత కూడా తీశాడు.

నేను సంతోషపడిపోయాను. ఆయన పడలేదు. "యాదీ, నువ్వు ఎట్ల చేస్తావో చేసి చూపీ" అన్నాడు.

వాకిట్లో నిలబడి ఉత్త పిడి పట్టుకుని, గోడకేసి గురిపెట్టి, నోటితో అయిదుసార్లు ఠప్పుమని, మ్యాగజైన్ జార్చి, దాన్నే జేబులో వేసుకుని, మళ్లీ తీసి దూర్చాను. పొయ్యి దగ్గర నుంచి మా అత్త బయటికి వచ్చింది.

"ఏమప్పా, మామకూ అల్లునికీ ఇద్దరికీ ఒకేపారి గాలి సోకిందా?"

మామ వినిపించుకోలేదు. మళ్లీ మళ్లీ చేయించాడు. చివరికి అన్నాడు, "దూర్చేటప్పుడు కిందికి చూస్తాండావు. యాలప్పా?"

"చూడకుంటే అంచు తగుల్తాది మామా. లోపలికి పోవాలంటే తూముకు సరిగ్గా పెట్టాల."

ఈసారి అత్త మాట్లాడింది. ఆమె ఊహ తెలిసినప్పటి నుంచీ గొర్రు వెనక నడిచి శెనక్కాయ విత్తనం పోసిన మనిషి. గొర్రు మీద గిన్నెలాంటి కొయ్య ఒకటి ఉంటుంది, జడ్డిగం అంటారు. గుప్పిట్లోంచి విత్తనం అందులోకి వదిలితే, అడుగునున్న గొట్టాల్లోంచి సాళ్లలో పడుతుంది. నడుస్తూనే ఉండాలి, పోస్తూనే ఉండాలి.

"మేము యానాడన్నా జడ్డిగం తిక్కు చూసినామా? చూస్తే సాలు తప్పుతాది. కండ్లు ముందరుంటాయి, చెయ్యి దాని పాటికి అది పోతాది" అంది. మొగుడి వైపు తిరిగి, "దాని మూతి వెడల్పుగా ఉంటాది గాబట్టి చెయ్యి పోతాది. నువ్వు చేసిందాని మూతి సూది బెజ్జమట్ల ఉండాది" అంది.

మామ లేచాడు. గోడకు వేలాడుతున్న పాత జడ్డిగం దించి, దాని మూతి చుట్టూ బొటనవేలితో తడిమి చూశాడు. తరవాత పిడిని తలకిందులుగా కాళ్ల మధ్య బిగించుకుని, తూము అంచులను నాలుగు వైపులా బయటికి వాలుగా చెక్కడం మొదలుపెట్టాడు. పొద్దు వాలేలోపు పిడి అడుగు చిన్న జడ్డిగమైంది. ఈసారి గోడనే చూస్తూ మ్యాగజైన్ తెచ్చాను. అది వాలు మీద ఎక్కడో తగిలి, జారి, తనంతట తాను లోపలికి పోయింది. అత్త "ఆఁ, అట్లా" అని లోపలికి వెళ్లిపోయింది. థాంక్స్ చెప్పే అలవాటు మా ఇళ్లలో లేదు, అందుకని ఇంకోసారి చేసి చూపించాను.

ఎంపికకు మామ తుమకూరు వస్తానన్నాడు. వాన పడితే రానన్నాడు, పడితే విత్తాలి కాబట్టి. వాన పడలేదు, ఆయన వచ్చాడు. రేంజిలోకి బయటివాళ్లను రానివ్వరు. గేటు దగ్గర జట్టు పెద్దను బతిమాలుకున్నాను, తల అడ్డంగా ఊపాడు. మామ తలగుడ్డ విప్పి ముఖం తుడుచుకుని, "నువ్వు పోప్పా. ఈడనే ఉంటా" అని ప్రహరీ గోడ నీడలో కూర్చున్నాడు. ఎంపికలో ఆ అంశానికి ఒక్కొక్కరినే పిలుస్తారు. చివరి వంతు నాదని ఆయనకు చెప్పి లోపలికి పోయాను.

నా వంతు వచ్చింది. అయిదు కాల్చాను. ఖాళీ మ్యాగజైన్ కాళ్ల దగ్గర పడింది, పడిన శబ్దం విన్నాను. కుడిచెయ్యి జేబుకు పోయింది, వచ్చింది. లక్ష్యం నా కళ్ల ముందు నుంచి కదల్లేదు. మళ్లీ అయిదు. గంట మోగేసరికి పిస్తోలు దించి నిలబడి ఉన్నాను. జట్టులో చివరి పేరుగా నా పేరు చదివారు. చివరిదైతేనేం, చదివారు.

పరుగెత్తుతూ గేటు దాటాను. మామ అక్కడే ఉన్నాడు, చేతిలో ఆరిపోయిన బీడీ.

"మొదటోళ్లందరిదీ విన్యా" అన్నాడు. "అయిదు పడ్తాండె, మళ్ల ఊరకుండె, మళ్ల అయిదు. నీ దాంట్లో ఊరకుండేది చాలా తక్కువుండె."

"జట్టులో తీసుకున్యారు మామా!"

ఆ మాట ఆయన విన్నాడో లేదో. లేచి నిలబడి నా ఎడమచెయ్యి రెండు చేతులతో పట్టుకున్నాడు.

"కిందికి చూసినావా?"

"లేదు మామా. చూళ్లేదు."

"మీ అత్తకు చెప్పల్ల" అన్నాడు. కళ్లు తుడుచుకుని ఆకాశం వైపు చూశాడు. మబ్బు లేదు. ఆ ఏడు మా ఊళ్లో ఎవరూ గొర్రు కట్టలేదు. మామ చేసిన జడ్డిగం నా పిడి అడుగున ఉన్నదొక్కటే.