ఎట్ సీ అనగా అయోమయం

మచిలీపట్నం కోనేరు సెంటరుకి రెండు సందుల అవతల, మేడమీది రేకుల గదిలో దైవాధీనం మాస్టారు స్పోకెన్ ఇంగ్లీషు చెబుతాడు. వ్యాకరణం ఎవరైనా చెబుతారని ఆయన అభిప్రాయం. తాను చెప్పేది జాతీయాలు, వాటి పుట్టుపూర్వోత్తరాలు. ఒక్కొక్క జాతీయాన్నీ పెళ్లిసంబంధం విచారించినట్టు వంశం, ఊరు, ఇంటిపేరుతో సహా ఆరా తీసి గానీ విద్యార్థులకు అప్పగించడు. దానివల్ల బందరులో ఎవరికైనా ఉద్యోగం వచ్చిందా అని మాత్రం ఇంతవరకు ఎవరూ ఆరా తీయలేదు.

ఇంగ్లీషువాళ్ల మాటల్లో సగం సముద్రంలో పుట్టినవేనని ఆయన సిద్ధాంతం.

"అండర్ ద వెదర్ అంటే ఒంట్లో బాగుండకపోవడం. వెనకటికి ఓడలో జబ్బుపడ్డవాణ్ణి గాలీ వానా తగలకుండా అడుగు అరలోకి దింపేవారట. అందులోంచి వచ్చిందంటారు."

"తగ్గిందాండీ?" అని అడిగాడు వెనక బల్ల మీంచి నాగబాబు. పాలకాయతిప్పలో చేపలవేట కుటుంబం అతనిది. ఓడ ఉద్యోగానికి ఇంగ్లీషు కావాలంటే వచ్చి చేరాడు.

"ఎవరికిరా?"

"ఆ కిందకి దింపినాయనకండీ."

"అది జాతీయంలో లేదు. కూర్చో."

ఏ జాతీయం చెప్పినా నాగబాబుకి అంతే. అర్థంతో పని లేదు, ఆ మనిషి ఏమయ్యాడో కావాలి. క్లాసంతా నవ్వేది. మాస్టారూ నవ్వేవాడు.

గల్ఫు వైపు తిరిగే ఓడలో నాగబాబుకి పని దొరికింది. వెళ్లిన కొన్నాళ్లకు అతని భార్య గంగాదేవి ఫోను పట్టుకుని మేడెక్కింది. ఓడలో వంటవాడు పంపిన మెసేజి: "నాగబాబు ఈజ్ ఎట్ సీ. ప్రే మేడమ్."

"తెలుగులోకి మార్చి చూశానండీ. నాగబాబు సముద్రంలో ఉన్నాడంది ఈ ఫోను. ఓడలో పనిచేసేవాడు సముద్రంలో కాక మొవ్వ ఊరి చేలో ఉంటాడా? ఇంకేదో అర్థం ఉంటదని మీ దగ్గరకొచ్చాను. ఫోను చేస్తే ఎత్తట్లేదు."

మాస్టారి ముఖం వెలిగింది. ఇలాంటి రోజు కోసమే ఆయన ఇన్నేళ్లుగా బతుకుతున్నాడు.

"యంత్రానికి జాతీయాలేం తెలుస్తాయమ్మా. ఎట్ సీ అనగా అయోమయం. ఒడ్డు కనపడనిచోట ఓడ ఎటు తిరగాలో తెలియక ఉండిపోతుంది చూడు, అదీ దీని పుట్టుక. కొత్తచోటు గదా, మీవాడు కంగారు పడుతున్నాడు. ప్రార్థన చెయ్యమంటున్నారు."

చర్చిలో సంఘపెద్ద కావడంచేత, ప్రార్థనలో అనుమానించవలసింది ఆయనకేమీ కనిపించలేదు.

గంగాదేవి ఊపిరి పీల్చుకుంది. "అయోమయమేనా. ఇంటికాడా అంతే కదండీ. ఉప్పు తెమ్మంటే సబ్బు తెచ్చే మనిషి."

మర్నాడు విశాఖపట్నం నుంచి, ఓడలో పని ఇప్పించిన ఏజెంటు మాస్టారికి ఫోను చేశాడు. తనవాళ్లలో ఇంగ్లీషు వచ్చినవాళ్ల కింద నాగబాబు మాస్టారి నంబరే ఇచ్చాడట. తాడు తెగి నాగబాబు నీళ్లలో పడ్డాడు. వెతికారు, దొరకలేదు, మానేశారు.

"వాళ్లావిడకి మీరే నెమ్మదిగా చెప్పండి మాస్టారూ."

నెమ్మదిగా అన్నమాటను మాస్టారు అక్షరాలా పాటించాడు. శనివారం గంగాదేవి పండుగప్ప చేప తెచ్చి ఇచ్చింది.

"ఈపాటికి అయోమయం తగ్గి ఉంటదంటారా?"

"చూద్దామమ్మా," అన్నాడు గుమ్మం వైపు చూస్తూ. ఆమె చేతుల గాజులు చూడకుండా ఉండాలంటే ఇక గుమ్మమే మిగిలింది.

మాస్టారి భార్య ఎస్తేరు పులుసు పెట్టింది. మాస్టారు ముద్ద కలిపి ఆగిపోయాడు. ఈ చేప ఏయే నీళ్లు తిరిగి వచ్చిందో.

"ఏవండీ, పులుపెక్కువైందా?"

"అండర్ ద వెదర్," అన్నాడు అలవాటుగా.

తగ్గిందాండీ, అని వాకిట్లోంచి ఎవరో అడిగారు. వాకిట్లో ఎవరూ లేరు.

ఇక క్లాసు సాగలేదు. ఏ జాతీయం ఎత్తుకున్నా దాని వెనక తడిసిన మనిషొకడు నిలబడుతున్నాడు. ఒకరోజు 'లెర్న్ ద రోప్స్' అని బోర్డు మీద రాశాడు. పని కిటుకులు నేర్చుకోవడం. ఓడలో కొత్తగా చేరినవాడికి ముందు తాళ్ల సంగతి నేర్పేవారు గనక. అంతవరకు చెప్పి వెనక బల్ల వైపు చూశాడు. బల్ల ఖాళీగా ఉంది. దాని కింద నేల మాత్రం తడిగా ఉంది. రేకులు కారి ఉంటాయని ఎవరో అన్నారు. ఆ వారమంతా వాన లేదు.

తాడు తెగితేనండీ?

మాస్టారు సుద్దముక్క పెట్టేసి అవనిగడ్డ బస్సెక్కాడు. కోడూరులో ఆటో మాట్లాడుకున్నాడు.

గంగాదేవి ఇంటి ముందు ఎండుచేపలు తిరగేస్తోంది. ఆయన్ని చూసి చీర కొంగుతో స్టూలు తుడిచింది. ఆయన కూర్చోలేదు.

"ఎట్ సీకి నేను చెప్పిన అర్థం తప్పమ్మా. అది జాతీయం కాదు."

"మరేంటండీ?"

"ఉన్నదున్నట్టే."

"ఉన్నదున్నట్టే అంటే?"

"తాడు తెగిందమ్మా. వెతికారు. దొరకలేదు." చెయ్యెత్తి సముద్రం చూపించాడు.

గంగాదేవి ఏడవలేదు. చేతిలోని చేపను మిగతావాటి పక్కన సర్ది లేచింది. కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని, ఆయన చూపించిన వైపే చూసింది. పడవ కోసం చూసే చూపు అది.

"ఏ పక్కనండీ?" అంది.

ఏ మాట ఎక్కడ పుట్టిందో తెలిసిన మాస్టారు, ఎత్తిన చెయ్యి ఎటు తిప్పాలో తెలియక అలాగే ఉంచాడు.